గడపలు లేని ఇల్లు

మొన్న ఆమదాలవలసలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అందరూ ఫ్యాన్ల కింద చేరితే, నేను అలవాటు కొద్దీ గోడలు చూస్తూ తిరిగాను. శాఖా గ్రంథాలయంలో ఇళ్ళ కట్టుబడి గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివినదాన్ని. గుమ్మం నెత్తిన గోడ బరువు మోసేది లింటెల్ అనీ, కిటికీకి గొడుగు పట్టేది సన్‌షేడ్ అనీ, డాబా అంచున కాపలా కాసేది పిట్టగోడ అనీ పక్కవాళ్ళకు అడక్కుండానే చెబుతుంటాను. వింటారో లేదో పట్టించుకోను. అలా హాల్లోంచి వంటింట్లోకి నడిచాను. కాలికి ఏమీ తగల్లేదు. నిలవనీరులా నున్నగా సాగిపోయిన ఆ నేల మీద నిలబడగానే మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తకు నడివయసు దాటాక చూపు పోయింది. అయినా తన పెంకుటింట్లో ఏనాడూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ ఇంట్లో గదికో గడప ఉండేది. వంటింటి గడప ఎందరి పాదాలకో అరిగి నడుమ పల్లమైపోయింది. పెరటి గడపకు ఒక కొసన చీలిక. అరికాలు ఆనిస్తే చాలు, ఎక్కడుందో ఆవిడకు తెలిసిపోయేది. శుక్రవారం పొద్దున్నే పసుపు గిన్నెతో కూర్చుని, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు ఒక్కో గడపకూ రాసేది. తడి పసుపు వాసన, వాసాల్లో పిచ్చుకల రొద, పెంకుల సందుల్లోంచి దిగిన ఎండలో తేలే దుమ్ము. ఆ ఇంట్లో పొద్దు తెల్లవారినా పూర్తిగా నిద్ర లేచేది కాదు.

వానకు కప్పు కురవడం ఎక్కువయ్యాక, అత్త కొడుకు, అంటే మా బావ, ఆ స్థలంలోనే స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. "వీధి గుమ్మానికి తప్ప ఎక్కడా గడప వద్దు. అమ్మ తన్నుకుని పడిపోతాది" అని మేస్త్రీకి గట్టిగా చెప్పాడు. అమ్మ మీద ప్రేమతో చెప్పిన మాటే అది. నేను వెళ్ళినప్పుడల్లా, పునాది మీద ఇంటి లోపలి నేల మట్టందాకా లేచే కట్టడాన్ని ప్లింత్ అంటారని వివరించేదాన్ని. "ఒసే, ఆ సదువు కట్టిపెట్టి గోడకి నీళ్ళు కొట్టు, పున్నెముంటాది" అనేవాడు బావ.

కొత్తింట్లోకి వచ్చాక అత్త కుర్చీలోంచి లేవడం మానేసింది. మంచినీళ్ళకు పిలిచేది, పెరట్లోకి వెళ్ళాలన్నా పిలిచేది. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి, వంటింటి గుమ్మంలో పసుపు గిన్నెతో కూర్చుని, చల్లటి టైల్స్ మీద అరచేతులతో వెతుకుతోంది.

"ఏటైందత్తా?" అన్నాను.

"ఏ గది ఎక్కడ అయిపోతందో తెలవట్లేదే. నడి సముద్రంలో దింపేసినాడు నీ బావ."

వెనకే వచ్చిన బావ నొచ్చుకున్నాడు. "నువ్వు పడిపోతావనే కదమ్మా!"

"పడితే లెగుస్తాను. నా ఇంట్లో నాకే దారి నేకపోతే ఏటి సెయ్యమంటావురా?"

బావ పశువులశాల వెనక పాత కలపలో పడేసిన గడపలను లాగించి, మేస్త్రీని పిలిపించాడు. "నిన్న గాక మొన్నేసిన టైల్సు కొయ్యమంటారేటి బాబూ, నాకు సేతులు రావట్లేదు" అని మేస్త్రీ గొణిగాడు. గొణుగుతూనే కోశాడు. ఏ గుమ్మం గడప ఆ గుమ్మానికే దిగింది.

సిమెంటు గట్టిపడ్డాక, ఒక మధ్యాహ్నం అత్త తనంతట తనే లేచింది. పల్లం పడ్డ గడప మీద పాదం ఆనించి కాసేపు నిలబడింది. "ఇదిగో, వంటిల్లు" అంది, మాకు చూపిస్తున్నట్టు. తర్వాత పెరటి వైపు వెళ్ళింది. బావ చెయ్యి అందించబోయి వెనక్కి తీసుకున్నాడు. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను. గడిచిన కాలమంతా ఎటో వెళ్ళిపోతుందనుకుంటాం గానీ, అందులో కొంత మన కాళ్ళ కిందే ఆగి, మనల్ని నడిపిస్తూ ఉంటుంది.