పంతులమ్మ టైపు చేయించిన అర్జీ

మా వీధి పంతులమ్మ పోయారని మంగళవారం పొద్దున బీరంగూడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నానికల్లా మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పంతులమ్మ ఫోటో, కింద ‘డిజిటల్ జ్యోతి’ అని బిరుదు. బతికుండగా ఆమెను ఈ ఫ్యాక్టరీ వాళ్ళెంత క్షోభ పెట్టారో నాకు తెలుసు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

పటాన్‌చెరులో మా బస్తీ కమ్యూనిటీ హాలు తాళం నా దగ్గరే ఉంటుంది. బస్తీ వెనకున్న మందుల ఫ్యాక్టరీ వాళ్ళు అందులో ఆరు కంప్యూటర్లు పెట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫోటోలు దిగి పోయారు. అంతా ఇంగ్లీషే. కూలికి పోయే ఆడవాళ్ళు ముట్టుకోవడానికే జంకారు. ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే తెలుగు టీచరుగా రిటైరైన పంతులమ్మ, మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించారు. “ఒత్తు పెట్టందే లేవనివ్వనమ్మా” అనేవారు.

“నేనేం కొట్టాలమ్మా?” అని వాళ్ళలో మల్లమ్మ అడిగింది.

“నీకేం కావాలో అదే కొట్టు.”

మల్లమ్మ ‘మా బోరు నీళ్ళు మందు వాసనొస్తున్నయి’ అని కొట్టింది. నలుగురు ఆడవాళ్ళూ వారం రోజులు కుస్తీ పట్టి దాన్ని కలెక్టరుకు అర్జీ చేశారు. ఒక్క ఒత్తు తప్పలేదు. అయితే దాన్ని ఫ్యాక్టరీకి కూడా మెయిల్ చేశారు. “కంప్యూటర్లిచ్చినోళ్ళు మంచి నీళ్ళియ్యరా?” అంది మల్లమ్మ. పాపం, నమ్మింది.

మూడోనాడే ఫ్యాక్టరీ మనిషి వ్యానుతో దిగాడు. “కంప్యూటర్లు రిపేరుకు తీస్కపోతున్నం. జల్దీ సంతకం పెట్టు.”

అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయని నాకు తెలుసు. కానీ నా నౌకరీ ఆ ఫ్యాక్టరీలోనే. నోరు మూసుకుని పెట్టాను. థూ, నా బతుకు! ఆ కంప్యూటర్లు మళ్ళీ రాలేదు. పంతులమ్మ తిట్టలేదు. “సంతకం తెలుగులోనే పెట్టావా నాయనా?” అని మాత్రం అడిగారు. మర్నాటి నుంచి ఆమె ఆ ఆడవాళ్ళ ఫోన్లలోనే పాఠం మొదలుపెట్టారు.

నిన్న అదే హాల్లో సంతాప సభ. ఫ్యాక్టరీ పెద్దసారు ముందు సీలు తీయని నీళ్ళ సీసాలు. “ఆమె ఆశయాన్ని ముందుకు తీసుకెళ్తాం” అంటుంటే అసహ్యంతో నా ఒళ్ళు మండిపోయింది.

మల్లమ్మ స్టీలు గ్లాసులో బోరు నీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“తాగుండ్రి సారూ. మా పంతులమ్మ రోజూ గివే తాగింది.”

గ్లాసు తీసుకొమ్మని ఆయన నాకు కళ్ళతో సైగ చేశాడు. నేను కదల్లేదు. ఆయన తాగలేదు, కింద పెట్టనూ లేదు. హాలంతా ఆ గ్లాసు వైపే చూస్తోంది.