నకలు ప్రశ్నలకు జవాబులు

కుట్టుమిషన్ల మరమ్మతు తెలిసినవాళ్ళ కోసం నేను ఇంటర్నెట్లో ఒక గుంపు పెట్టాను. మొదటి ఏడాది చివరికి అందులో తొమ్మిది మంది సభ్యులున్నారు. వాళ్ళలో ముగ్గురు నేనే, వేరువేరు పేర్లతో. ఒకరు మా ఆవిడ. నా పోరు పడలేక చేరి, పాస్‌వర్డ్ మర్చిపోయింది. మిగిలిన ఐదుగురూ చేరిన రోజు నమస్కారం పెట్టి, మళ్ళీ ఆ వైపు తొంగి చూస్తే ఒట్టు.

నాది విడిభాగాల దుకాణం. సూదులు, బాబిన్లు, బెల్టులు అమ్ముతాను. కౌంటర్ కింద ఒక పాత కంప్యూటర్ ఎప్పుడూ రొద పెడుతూ ఉంటుంది, మా గుంపును నడిపే సర్వర్ అదే. అంతకుముందు ఒక పెద్ద సైటులో మా మెకానిక్కుల పేజీ ఉండేది. ఓ రోజు చెప్పాపెట్టకుండా దాన్ని మూసేశారు. నాకు ఒళ్ళు మండి, ఎవరి సర్వర్ వాళ్ళే నడుపుకునే రకం సోషల్ మీడియాకు మకాం మార్చాను. అక్కడ యజమాని ఉండడు, పెత్తనం ఉండదు అని సూది కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇచ్చాను. నిజమే, పెత్తనం లేదు. చేయడానికి మనుషులుంటే కదా!

ఖాళీ కుర్చీల ముందు ఎంతకాలమని మాట్లాడతాను? అందుకని బాట్ పెట్టాను. తనంతట తానే పనిచేసుకుపోయే చిన్న ప్రోగ్రాం అది. పెద్ద సైటులో కుట్టుమిషన్ల మీద జనం అడిగే ప్రశ్నల్ని ఉన్నవి ఉన్నట్టు, అడిగినవాళ్ళ పేర్లతో సహా, మా గుంపులోకి నకలు చేస్తుంది. ఎవరి మీద అలిగి బయటికొచ్చానో వాళ్ళ ఇంట్లోంచే సరుకు మోసుకొచ్చానన్నమాట. ఇక్కడ జవాబు రాస్తే అది అక్కడివాళ్ళకు చేరదు. ఆ సంగతి ప్రతి ప్రశ్న కిందా ఒక వాక్యంలో చెప్పాను కూడా. అయితే ఆ వాక్యం చూడ్డానికి బాగోలేదని అక్షరాలు చిన్నవి చేశాను. తర్వాత లేత బూడిద రంగు వేశాను. నిజాయితీపరుణ్ణి కాబట్టి పూర్తిగా తీసెయ్యలేదు.

రోజుకు నాలుగైదు ప్రశ్నలతో గుంపు కళకళలాడింది. ఆ కళ చూసి కొందరు నిజం మనుషులు కూడా చేరారు. వాళ్ళలో ఫోర్‌మన్ గారు ఒకరు. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు మిషన్లు చూసి రిటైరయిన మనిషి. చేరిన రోజు నుంచి ఆయన ఒక్క ప్రశ్న వదల్లేదు. పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని, భోజనాల బల్ల ముందు కూర్చుని, ఒంటి వేలితో జవాబులు కొట్టేవారట. ఏ మర ఎటు తిప్పాలో, ఎంత తిప్పి ఆగాలో, ఆగకపోతే ఏం విరుగుతుందో అన్నీ రాసేవారు. అవి చదివి ఇంకో పదిమంది చేరారు. నిజం చెబితే ఆయన రాయడం మానేస్తారు, గుంపు మళ్ళీ నా మూడు పేర్ల పాలవుతుంది. అందుకని నోరు మూసుకున్నాను. పైగా ఆయన ప్రతి జవాబుకూ ఆ మూడు పేర్లతోనూ శభాష్ అని రాశాను.

"పెద్దాయన చేత గోడకి పాఠాలు చెప్పిస్తున్నారు, సిగ్గు లేదూ?" అంది మా ఆవిడ.

"సమయం చూసి చెప్తానే."

"చూస్తూనే ఉన్నారుగా, నాలుగు నెలల్నించీ."

ఓ మధ్యాహ్నం ఫోర్‌మన్ గారే దుకాణానికి వచ్చారు. స్టూలు మీద కూర్చుని, కాసేపు బెల్టుల నాణ్యతను తిట్టి, అసలు విషయానికి వచ్చారు.

"ఒక అమ్మాయి గుర్తుందా బాబూ? వాళ్ళమ్మ కుట్టిన మిషనట. మందం గుడ్డ పెడితే కుట్లు తప్పుతున్నాయంది. మెకానిక్ పనికిరాదన్నాడు, తీసెయ్యనా అని అడిగింది. సూది కడ్డీ కిందికి జారిందమ్మా, ఒక్క మర వదులు చేసి వెంట్రుకవాసి పైకి జరుపు, తీసెయ్యొద్దు అని రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"బిజీగా ఉండుంటుందండీ."

"అర్థం కాలేదేమోనని మళ్ళీ రాశాను. బొమ్మ గీసి పెట్టాను. నా రాత మొరటుగా ఉంటుందంటావా?"

నా పాపానికి ఆయన తన రాతలో తప్పు వెతుక్కుంటున్నారు. నాకు నా మీద అసహ్యం వేసింది. నీళ్ళు నములుతూనే అంతా చెప్పేశాను.

ఆయన కౌంటర్ కింద రొద పెడుతున్న కంప్యూటర్ వైపు చూశారు.

"మిగతావాళ్ళు కూడానా?"

"అందరూనండీ."

"శభాష్ అని రాసే ఆ ముగ్గురు?"

"వాళ్ళు... నేనేనండీ."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "ఆ అమ్మాయి మిషను ఏమయిందో కనుక్కో" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ పూటే బాట్ ఆపేశాను. మా పేజీ మూసేసిన ఆ పెద్ద సైటులోనే మళ్ళీ తలవంచుకుని ఖాతా తెరిచి, ఆ అమ్మాయి ప్రశ్న వెతికి పట్టుకున్నాను. దాని కింద ఫోర్‌మన్ గారి జవాబు, ఆయన పేరు, ఆయన గీసిన బొమ్మ పెట్టాను.

మర్నాడు దుకాణం తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరం కలిసే ఆమె జవాబు చదివాం.

"చాలా థ్యాంక్స్ అండీ. మెకానిక్ మాట నమ్మి మిషను పోయిన నెలే పాతసామాన్లకి ఇచ్చేశాను. అమ్మ గుర్తుగా నా దగ్గర ఉన్నది అదొక్కటే. మీరు ఇంకాస్త ముందు చూసి ఉంటే బాగుండేది."

ఫోర్‌మన్ గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"నేను రాసేస్తానండీ" అన్నాను. "ఆ అమ్మాయి పొద్దున పదింటికి అడిగింది, మీరు ఆ రోజే పదకొండున్నరకి జవాబు రాశారు. తప్పంతా నాదని ఉన్నదున్నట్టు రాసేస్తాను."

"వద్దు. ఆ వేళే జవాబు ఉందని తెలిస్తే ఆ పిల్ల ఇంకా ఏడుస్తుంది. లే, అవతలికి జరుగు."

జరిగాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు: "నేనే ఆలస్యంగా చూశానమ్మా. క్షమించు."