అమావాస్య బడి

ధర్మవరంలో మా వీధి ఆడపిల్లలం నెలకొక్కరోజే బడికి పోయేవాళ్లం. అమావాస్యనాడు మగ్గం ముట్టరు కాబట్టి ఆ రోజు మాకు తీరిక. మిగతా రోజుల్లో నాయన నేస్తుంటే, పక్కన రాట్నం తిప్పుతూ పట్టునూలు కండెలకు చుట్టాల్సిందే.

1952లో కొత్తగా వచ్చిన టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని రోజూ పంపమని బతిమాలింది. విన్నది కుళ్ళాయమ్మవ్వ ఒక్కతే. ఆమె ఒంటరి మనిషి, అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం పెద్దది. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లోకి వచ్చి నన్ను రాట్నం దగ్గర్నుంచి లేపేసింది.

"ఏమప్పా తిప్పన్నా, నీకు కావాల్సింది కండెలే కదా?" అని మా నాయనను అడిగింది.

"అవునవ్వా. కండె లేకుంటే మగ్గం యాడ ఆడతాది?"

"కండెలు నేను చుడతా. పిల్లని బడికి తోలు."

మా ఇంట్లో పని అయ్యాక పక్కింటికి పోయేది. అట్లా నాలుగిళ్ల కండెలు ఊరికే చుట్టింది. పట్టుపోగు కోసి వేళ్లు పగిలితే పసుపు అద్దుకునేది. ఎవరైనా మెచ్చుకుంటే మండిపడేది.

పన్నెండేళ్ల తర్వాత నేను ఆ బడికే టీచరుగా వచ్చాను. మొదటి అమావాస్యనాడు అవ్వ వచ్చి చిన్నపిల్లల వరుసలో కూర్చుంది. నన్ను చూడ్డానికి వచ్చిందనుకుని నవ్వాను.

"ఈ పొద్దు మగ్గాలు లేవు గదమ్మా. నాకూ ఒక పలకియ్యి" అంది.

నీకూ చదువుకోవాలని ఉందా అని అన్నేళ్లలో ఆమెను మేమెవరమూ అడగలేదు.