కమాను పట్టీ మీద మూడు గంట్లు

ఇచ్చోడ మోటారు మిస్త్రీని నేను దొంగ అన్నాను. అంగడి రోజు, నడిరోడ్డు మీద, యాభై మంది వింటుండగా అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన దుకాణం ఎత్తేయాల్సి వచ్చింది.

నా గుణం ముందే చెప్పుకోవడం మంచిది. నేను ఎవర్నీ నమ్మను. ఇది మా ఇంట్లో వంశపారంపర్యం. మా బాపు నాగలి కర్రును సాగగొట్టించడానికి కమ్మరి కొలిమికి ఇచ్చే ముందు ఆకురాయితో దాని అంచు మీద మూడు గంట్లు పెట్టేవాడు. ఊళ్లో ఇంటికొక గుర్తు ఉండేది. ఒకరిది అడ్డగీత, ఒకరిది చుక్క, మాది మూడు గంట్లు. "ఇనుముకు మొఖం ఉండదు బిడ్డా. గుర్తు లేకుంటే కొలిమిల పెట్టిన కర్రు కమ్మరిదే" అనేవాడు బాపు.

అలాంటివాణ్ణి పాత మోటారు కొన్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో భైంసాలో ఒక పత్తి వ్యాపారి తన పికప్పు బండి అమ్ముతున్నాడని తెలిసింది. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక పైకప్పు లేని తొట్టి. మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్నది. పల్లెల్లో పత్తి నింపుకుని భైంసా జిన్నింగు మిల్లుకు చేరవేస్తే బతుకు గడుస్తుందని నా ఆలోచన. మూడుసార్లు వెళ్లి చూశాను. మొదటిసారి రంగు కొత్తగా మెరుస్తోంది. కొత్త రంగంటే కింద ఏదో దాచినట్టే, కాబట్టి తిరిగొచ్చాను. రెండోసారి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నేను వచ్చేలోపు వేడిచేసి పెట్టాడేమోనని ముందే బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉండింది. చల్లటి ఇంజను అంత తొందరగా ఎలా లేస్తుందని ఇంకో అనుమానం పట్టుకుంది. మూడోసారి చెప్పాపెట్టకుండా వెళ్లి కిందికి దూరి చూస్తుంటే వ్యాపారికి విసుగొచ్చింది.

"మోటరు కొంటవా, పిల్లనిచ్చెటందుకు సంబంధం చూస్తున్నవా?" అన్నాడు.

కాడెద్దులు రెండూ అమ్మి కొన్నాను. బండి వాకిట్లో నిలబెడితే నా భార్య ఒక చుట్టు తిరిగి చూసి, "ఎద్దుకు గింత గడ్డేస్తే నోరు మూసుకొని పండుకుంటది. గీ మొండి దానికి ఏమెయ్యాలె?" అంది.

దానికి అన్నీ వెయ్యాల్సి వచ్చింది. రేడియేటరు కారితే పిడికెడు పసుపు పోశాను. చలికాలం పొద్దున ఇంజను తిప్పే హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు వాచింది. చివరికి మిస్త్రీ దగ్గరికి వెళ్లక తప్పలేదు.

ఇచ్చోడలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. నిజాం ఫౌజు మోటారు కార్ఖానాలో పని నేర్చిన మనిషి. ఫౌజు పోయాక పొట్ట చేతపట్టుకుని ఇటు వచ్చాడు. బండి చప్పుడు వినే జబ్బేమిటో చెప్పేవాడు. విప్పకుండా ఎలా తెలుస్తుంది? పోయినసారి తనే ఏదో వదులు చేసి పెట్టి ఉండాలని నా లెక్క. ఆయన బండి కింద దూరితే నేను పక్కనే గొంతుక్కూర్చునేవాణ్ణి. విప్పిన ప్రతి బోల్టూ నా తువ్వాలలో మూట కట్టుకునేవాణ్ణి.

"జర జరుగు పటేలా, ఎల్తురు రానియ్యి" అనేవాడు మిస్త్రీ. నేను జరిగేవాణ్ణి కాదు.

ఒక ఎండాకాలం చివర వెనక కమాన్లు కుంగాయి. కమాను అంటే చక్రం మీద తొట్టి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట. విప్పి, కాల్చి, మళ్లీ వంపు తియ్యాలంటే వారం పడుతుంది, బండి వదిలి వెళ్లమన్నాడు. పాత మిలిటరీ ఉక్కును లాగేసుకుని పనికిరాని పట్టీలు ఎక్కించే మిస్త్రీలుంటారని లారీ డ్రైవర్లు చెప్పుకుంటుంటే విన్నాను. బండి అప్పజెప్పే ముందు ఇంటి దగ్గరే కింద పడుకుని, బాపు ఆకురాయితో రెండు పెద్ద పట్టీల అంచునా మూడేసి గంట్లు పెట్టాను. చెరిపినా చెరగకుండా లోతుగా రాశాను. ఇంక ఎవడేం చేస్తాడో చూద్దామనుకున్నాను.

వారం తర్వాత వెళ్తే మిస్త్రీ ఆ గంట్ల మీద వేలు పెట్టి చూపించాడు.

"గిదేంది పటేలా?"

"మా ఇంటి గుర్తు."

ఆయనకు అర్థమైంది. మొహం కొంచెం చిన్నబోయింది కూడా. "గంటు పడ్డ ఉక్కును నమ్మొద్దు. గీ రెండు పట్టీలు పక్కకు పెట్టు, వేరేవి ఎక్కిస్త" అన్నాడు.

దొరికావు బిడ్డా అనుకున్నాను. నా ఉక్కు మీద కన్ను పడింది కాబట్టే ఈ మాట! అవే ఎక్కించాలని పట్టుబట్టాను. ఎక్కించాడు.

పత్తి కాలంలో నిర్మల్ ఘాటు దిగుతుంటే వెనక తుపాకి పేలినట్టు చప్పుడైంది. బండి ఒక పక్కకు ఒరిగి గుట్టను ఆనుకుని ఆగింది. నా ప్రాణం, మా రెండెద్దుల ఖరీదు, రెండూ ఆ గుట్ట పుణ్యాన మిగిలాయి. దిగి చూస్తే పెద్ద పట్టీ రెండు ముక్కలైంది. ఒక ముక్క మీద గంట్లు కనిపించాయి. లెక్కపెట్టాను. రెండే ఉన్నాయి. నేను పెట్టింది మూడు. అంటే వీడు నా పట్టీ కాజేసి, నా గుర్తును కూడా దొంగరాత రాశాడు, అదీ తప్పు రాశాడు!

ఆ ముక్క చేతపట్టుకుని అంగడి రోజు ఇచ్చోడలో దిగాను. లారీల వాళ్లంతా అక్కడే ఉన్నారు. ముక్కను పైకెత్తి అందరికీ చూపించి, అనాల్సినదంతా అన్నాను.

మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తక్కిన ముక్క గూడ తీస్కరా పటేలా, జోడించి చూద్దాం" అన్నాడు.

సాక్ష్యం మాయం చెయ్యడానికి ఎత్తు వేస్తున్నాడనుకుని ఇవ్వనన్నాను. ఆయన చేతిగుడ్డ మడుచుకుంటూ నిలబడ్డాడు. చూశారా, తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడ్డాడో అన్నాను. జనం తలలూపారు. బళ్లు తగ్గిపోయాయి. ఆర్నెల్లలో షెడ్డు ఊడదీసుకుని ఆయన వెళ్లిపోయాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

రెండేళ్ల తర్వాత, మూలన పడున్న ఆ రెండు ముక్కల్ని కొడవళ్లు చేయిద్దామని నా భార్య కమ్మరి దగ్గరికి పంపమంది. నేనే తీసుకెళ్లాను. కమ్మరి రెండింటినీ చేతిలోకి తీసుకుని, అలవాటుగా విరిగినచోట ఒకదానికొకటి ఆనించాడు. ఆ అతుకు అంచున మూడో గంటు నిండుగా కనిపించింది.

"గీ గంటు కాడికెల్లే పగిలింది పటేలా" అన్నాడు. "కర్రు భూమిల దూరేది, దానికి గంటు పెడితే ఏంగాదు. గిది బరువుకు పొద్దందాక ఊగేదాయె."

కొలిమి దగ్గర కూర్చుండిపోయాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

మిస్త్రీ భైంసాలో ఇంకొకరి షెడ్డులో కూలికి పనిచేస్తున్నాడని తెలుసుకుని వెళ్లాను. ఆయన ముందు రెండు ముక్కలూ నేలమీద ఆనించి పెట్టాను. ఆయన వంగి మూడో గంటు మీద వేలు పెట్టి చూశాడు.

"అంగడినాడు, అదే జాగల, తప్పు నాదని చెప్తా. మళ్లొచ్చి దుకాణం పెట్టు" అన్నాను.

"చెప్పు పటేలా" అన్నాడు. "నలుగురు నమ్మితే వస్త."

ఆ తర్వాతి అంగడికి అదే చోట నిలబడి, రెండు ముక్కలూ జోడించి, బాపు కర్రు దగ్గర్నుంచి అంతా చెప్పాను. మూడో గంటు చూపించాను. అందరూ విన్నారు. ఒక లారీ డ్రైవరు ముక్కలు అందుకుని, తిప్పి తిప్పి చూసి, నవ్వుతూ తిరిగిచ్చాడు.

"అంత మంచిగనే ఉన్నది గని పటేలా, మిస్త్రీ నీకేం తినిపిచ్చిండు?"

అందరూ నవ్వారు. ఇంకెవరైనా వచ్చి ఇలా చెప్పి ఉంటే, మొట్టమొదట ఆ మాట అడిగేది నేనే. మిస్త్రీ మళ్లీ ఇచ్చోడకు రాలేదు.