పథ్యం లేని మందు

మా చెల్లెలు ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది. మానేస్తానని ఎవరితోనూ అనలేదు. ఒక పొద్దున జడ వేయించుకుని, సంచి భుజానికి తగిలించుకుని, గడప మీద కూర్చుండిపోయింది. బడి బెల్లు కొట్టిన తర్వాత కూడా అక్కడే ఉంది. అమ్మ లేపితే లేచి లోపలికి వచ్చి, సంచి తీయకుండానే గోడవైపు తిరిగి పడుకుంది. మరుసటి రోజూ అంతే.

పుంగనూరులో మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. ఇల్లు అంగడి వెనకే. అంతకుముందు చెల్లెలు సాయంత్రాలు అంగట్లో కూర్చుని, వచ్చిపోయేవాళ్ళ గొంతులు అచ్చం వాళ్ళలాగే దింపేది. నాయన నవ్వు ఆపుకుంటూ తిట్టేవాడు. ఇప్పుడు ఆ పిల్ల స్నానానికి లేవదు, పిలిస్తే పలకదు. పెట్టింది తింటుంది, పెట్టకపోతే అడగదు. ఒకసారి మాత్రం నాతో అనింది: "అక్కా, నా లోపల ఎవురూ లేరు."

నాకప్పుడు పదిహేడేళ్ళు. తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆ మాటను అంతకంటే బాగా చెప్పిన వాక్యం నాకు దొరకలేదు.

మా జేజి, అంటే నాయన తల్లి, గాలి సోకిందని తేల్చింది. కలకడ పక్కన పల్లెలో ఒకాయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన వేపమండతో కొట్టి తాయెత్తు కట్టాడు. చెల్లెలు ఏడవలేదు. అమ్మ ఏడ్చింది. ఆయన అమ్మను చూపించి, "సూడండి, గాలి ఆ యమ్మకు మారింది" అన్నాడు.

బడిలో కుట్టు నేర్పే టీచరమ్మ ఉండేది, మదనపల్లె క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ. ఆమె ఒకరోజు అంగడికొచ్చి నాయనతో తగ్గు గొంతుతో చెప్పింది. "మదనపల్లెలో ఒక చిన్నాసుపత్రికి నెలకొకసారి నరాల డాక్టరు వస్తాండాడప్పా. పిచ్చాసుపత్రి కాదులే, భయపడాకండి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు." నాయనకు చివరి మాట నచ్చింది. పొద్దున పోయి సాయంత్రానికి వస్తే వీధిలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

నాయన, అమ్మ, జేజి, చెల్లెలు, నేను, అందరం పోయాం. పిల్లలకు వేరే గది లేదు. మూలుగుతున్న ముసలాళ్ళు, తాగుడు మానలేనివాళ్ళు, పిల్లలు, అందరూ వరండాలో ఒకే బెంచీ మీద. కలికిరి నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒకామె అమ్మ పక్కన కూర్చుంది.

"పాపకేమి?" అని అడిగింది.

"నరాల బలహీనతమ్మా" అంది అమ్మ.

"మా వానికీ నరాలే. ఈ బెంచీమీదుండే వాళ్ళందరికీ నరాలే. డాక్టరు పిచ్చికి మందిస్తాడంట గానీ, పాపం, పిచ్చోడు ఒక్కడు గూడా రాలేదు ఈ పొద్దు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

డాక్టరు అరవ దేశం మనిషి. తెలుగు వచ్చు, యాస వేరు. చెల్లెలిని నిద్ర గురించి అడిగాడు, బడి గురించి అడిగాడు. ఆ పిల్ల తలవంచుకుని ఊఁ, ఊహూఁ అనింది. ఇది మనసుకు వచ్చే జబ్బేననీ, పిల్లలకూ వస్తుందనీ, మందుతో తగ్గుతుందనీ చెప్పాడు. మాత్రలు రాసి, వచ్చే నెల రమ్మన్నాడు. అప్పుడు జేజి ముందుకు వంగి అడిగింది: "పథ్యమేమి సామీ?"

"పథ్యమంతా వద్దమ్మా. అన్నీ తినొచ్చు."

జేజి నమ్మలేదు. "వంకాయ గూడానా? పులుపు?"

"అన్నీ" అని నవ్వి ఆయన తరువాతి వాళ్ళను పిలిచాడు.

దారి పొడుగునా జేజి సణుగుతూనే ఉంది. మా వైపు మందంటే పథ్యంతోనే మందు. ఏ ఆకు నూరి పోసినా ముందు ఏది తినకూడదో చెబుతారు, తర్వాతే మందు చేతిలో పెడతారు. "పథ్యం లేని మందు మందేనా? బడికాడ అమ్మే పిప్పరమెంటా అది, నోట్లో ఏసుకుని గంతులేసేదానికి?" ఇంటికి చేరేసరికి ఆమే ఉపాయం కనిపెట్టింది. "బిడ్డకొద్దన్న్యాడు గదా. తల్లికొద్దనలేదు. సంటిబిడ్డకు మందు పోస్తే తల్లి పథ్యముండదా?"

అమ్మ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. చింతపండు, వంకాయ, గుమ్మడికాయ, నూనెలో వేగినవి అన్నీ మానేసింది. పాతబియ్యం అన్నం, పెసరపప్పు, మిరియాలు. ఒక మండలం, నలభై రోజుల పాటు. చెల్లెలు మాత్ర మింగేది, అమ్మ పథ్యం తినేది. పక్కపక్కనే కూర్చునేవాళ్ళు.

మందు పనిచేసింది. వెంటనే కాదు. మొదట నిద్ర వచ్చింది. తర్వాత ఒకరోజు తనంతట తానే తల దువ్వుకుంది. ఇంకొక రోజు ఉర్లగడ్డ వేపుడు కావాలంది. ఆ మాటకు నాయన అంగడి వదిలేసి లోపలికొచ్చి నిలబడ్డాడు. కొన్నాళ్ళకు గొంతులు దింపడం కూడా మొదలైంది. అమ్మ కంచం చూసి, "మాత్ర నాకు, సప్పిడి కూడు అమ్మకు. టిక్కెట్టొకరిది, సినిమా ఇంకొకరిది" అనేది. అందరం నవ్వేవాళ్ళం. బడికి పోవడం మొదలుపెట్టింది.

మరుసటి నెల మదనపల్లె పోతే డాక్టరు రాలేదు. ఆసుపత్రివాళ్ళు పాత చీటీ మీదే మందులిప్పించారు. ఆ తర్వాత ఆయన ఇక రాడని తెలిసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేమూ అంతగా అడగలేదు, పిల్ల బాగుంది కాబట్టి.

మండలం నిండింది. జేజి మంచిరోజు చూసి పథ్యం విడిపించింది. అమ్మకూ చెల్లెలికీ తలకు నూనె పెట్టి నీళ్ళు పోసింది. వంకాయ కూర చేశారు, పులుసు చేశారు. ఆ రోజు నుంచి మాత్ర లేదు. పథ్యం విడిచిన తర్వాత మందు మింగితే ఒళ్ళు వేడి చేస్తుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పథ్యం ఎన్నాళ్ళో మందూ అన్నాళ్ళే. మందు ఆపామని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మందు పూర్తయిందని అనుకున్నాం. డాక్టరు పథ్యం వద్దన్నప్పుడు, ఆ ఒక్క మాటతో మాకు తెలిసిన గడువును కూడా తీసేశాడు. వేరే గడువు ఆయన చెప్పలేదు, ఆయనను అడగాలని మాకు తట్టలేదు.

ఆ వేసవి దాటలేదు, చెల్లెలు మళ్ళీ గోడవైపు తిరిగింది.

ఈసారి ఇంట్లో అందరికీ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అమ్మ పథ్యంలో ఏదో తప్పు చేసిందని జేజి, మందే మంచిది కాదని నాయన. మా అత్త వచ్చి, "పెండ్లి సేస్తే అన్నీ సరిపోతాయిలే. మూతి ముడుసుకోను తీరికుండదు" అంది. చెల్లెలు ఆ మాట విని అత్త గొంతుతోనే, "ఔనత్తా, నీకు సరిపోయినట్ల" అంది. ఆ నెలంతటిలో ఆ పిల్ల మాట్లాడింది అదొక్కటే.

కుప్పంలో పెద్దాసుపత్రి వచ్చిందని, అక్కడ మనసు జబ్బులకు వేరే ఓపీ ఉందని మళ్ళీ ఆ కుట్టు టీచరమ్మే చెప్పింది. కానీ అప్పటికి చాలా కాలం పోయింది. పలమనేరు, వి.కోట మీదుగా పోవాలి, బస్సులు మారాలి. చుట్టాలింటికి పోతున్నామని వీధిలో చెప్పేవాళ్ళం. అంగడి ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే ఆయన నాయనను పట్టుకుని, "కుప్పంలో అంత పెద్ద సుట్టమెవురప్పా, నెలనెలా పోయి సూసి రావాల్సినంత?" అని అడిగాడు. నాయన, "ఉండాదిలే ఒక అక్క" అన్నాడు. ఆ అబద్ధం తర్వాత నిజంలా అయింది. అక్కడి డాక్టరమ్మను నాయన మా దగ్గర "మీ కుప్పం అత్త" అనేవాడు.

ఆమె ఓపికగా చెప్పింది. మందు నెలల్లో కాదు, ఏళ్ళలో లెక్కని చెప్పింది. బాగైన తర్వాత కూడా మింగాలని, తాను చెప్పేదాకా ఆపకూడదని జేజికి విడిగా, అమ్మకు విడిగా చెప్పింది. పథ్యం గురించి జేజి అడిగితే నవ్వలేదు. "మూడు పూటలా కడుపునిండా తినాల. అదే పథ్యం" అంది. జేజి తృప్తిగా తల ఊపింది. అప్పటినుంచి ఒక్క మాత్ర తప్పలేదు. అమ్మ తన చేతితో వేసేది. బస్సు తప్పితే లారీలో కూడా పోయాం. కొన్ని నెలలు చెల్లెలు బాగుంది, కొన్ని నెలలు లేదు. మందు మార్చారు, మళ్ళీ మార్చారు. పదో తరగతి పరీక్షలు ఇంటి నుంచే కట్టి రాసింది.

పరీక్షల ఫలితాలు రాకముందే మా చెల్లెలు పోయింది. ఎలా పోయిందో మా వీధికి తెలుసు. ఇక్కడ రాయను.

కర్మాంతరాలు అయిన తర్వాత ఒక పొద్దున నాయన చొక్కా వేసుకుని, "కుప్పం పోతాండా" అన్నాడు. అది చెల్లెలిని రమ్మన్న రోజు. అమ్మ, "ఇంక యాల పోయేది?" అంది.

"సెప్పకుండా ఎట్లుంటాము? ఆ యమ్మ ఎదురుసూస్తాంటాది. సుట్టాలకందరికీ సెప్పినాము గదా."

నేను తోడుపోయాను. ఓపీలో గుడుపల్లె వైపు నుంచి వచ్చిన జనం నిండా ఉన్నారు. నాయన చీటీ రాయించలేదు. చివరిదాకా గోడకానుకుని నిలబడి, అందరూ పోయాక లోపలికి వెళ్ళాడు. డాక్టరమ్మ మా వెనక చూసింది, పిల్ల కోసం. నాయన చెప్పాడు.

ఆమె కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"మందు ఆపలేదమ్మా" అన్నాడు నాయన. "ఈ తూరి ఆపలేదు. మీరు సెప్పినట్లే చేసినాము."

"తెలుసప్పా."

"మరి?"

ఒక్కొక్కసారి అన్నీ చేసినా దక్కరని ఆమె అంది. నాయన తల ఊపి లేవబోయాడు. అప్పుడు ఆమె నా వైపు చూసింది.

"నువ్వు నిద్రపోతాండావా పాపా?"

నాయనే జవాబు చెప్పాడు. "ఈ బిడ్డ బాగుండాదమ్మా. దీనికేమీ లేదు. ధైర్యం జాస్తి."

"లేదు నాయనా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను బాగలేను."

నాయన నన్ను చూశాడు. ఆ చూపులోని భయం, అంతకుముందు రెండేళ్ళుగా ఆయన చెల్లెలిని చూసేటప్పుడు నేను చూస్తూ వచ్చిందే. ఆయన నెమ్మదిగా కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, "చీటీ రాయించుకొస్తానుండమ్మా" అని బయటికి పోయాడు.