గుండు సైన్యం

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినోణ్ణి, నా తలకెక్కింది ఏటా మంగలి కత్తి ఒక్కటే. మొన్న తెగిన చెప్పు అంటించుకుంటా ఉంటే, ఆ గమ్ము వాసనకి మా మామ సైన్యం గుర్తొచ్చింది.

అలిపిరి దగ్గర మా ఇంట్లో, మామ వేలెడు సిపాయి బొమ్మలకు కాళ్ళూ చేతులూ అంటించి, స్నేహితుడితో బల్ల మీద పాచికలేసి యుద్ధం ఆడేవాడు. ప్రతి ఆదివారం ఓడేవాడు. చిన్నోణ్ణి నేను, కొత్త సైన్యమన్నా గెలవాలని కొండ మీది స్వామికి మొక్కుకున్నాను. టోపీలు అంటించే పని నాది. అవి అంటించకుండా, బోడి తలలకు గంధం పూసి ఆరబెట్టినాను.

ఆదివారం డబ్బా తెరిచిన మామ, తెరిచిన నోరు మూయలేదు.

"టోపీలు యాడ రా?"

"తలనీలాలు కదా మామా, వీధి చివర గుడి హుండీలో వేసినా."

మామ కుర్చీలో కూలబడినాడు. స్నేహితుడు నవ్వలేదు, చెంపలేసుకున్నాడు. నెలరోజులు కూర్చొని అంటించిన సైన్యం అది. అయినా మామ నా మీద చెయ్యెత్తలేదని ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం.

ఆ రోజూ ఓడినాం. బొమ్మలు డబ్బాలో సర్దుతా అడిగినాను, "మొక్కు ముందే చెల్లించినాం కదా, ఎట్ల ఓడినాం మామా?"

"గుండు కొట్టించుకున్నోడు యుద్ధానికి యాడ పోతాడప్పా? దర్శనం చేసుకొని, లడ్డు పట్టుకొని ఇంటికి పోతాడు."