పాలలో కలిపిన తగర పొడి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ముఖం మీదే ఆటపట్టించే మనిషిని నేను. అమీర్‌పేటలో జాకెట్లు కుడతాను. టేపు పెట్టి కొలవనిదేదీ నమ్మను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నా భార్య సరోజకు బీపీ ఉంది. నిరుడు నిద్ర కరువైతే డాక్టరు పడుకునే ముందు వేసుకోమని ఒక మాత్ర రాశారు. అయినా తెల్లవారకముందే లేచి కూర్చునేది. చూడలేక, బల్కంపేటలో మూలికల దుకాణం నుంచి నిద్ర పట్టిస్తుందనే తగర వేరు పొడి తెచ్చి పాలలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాను. మాత్ర మాన్పించలేదు. మా ఇళ్లలో డాక్టరు రాసిందే మందు, పాలలో కలిపేది తిండి లెక్క.

ఒక రోజు పొద్దున పది దాటినా ఆమె లేవలేదు. తట్టినా, మొహాన నీళ్లు చల్లినా కళ్లు తెరవలేదు. ఆటోలో పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను.

పక్షవాతమేమోనని అనుమానించారు. మాత్రల అట్ట చూపించాను. ఇంకేమైనా వాడుతుందా అని డాక్టరు అడిగితే లేదన్నాను. నిజం చెప్పాలంటే, రెండోసారి అడిగేసరికి పొడి గుర్తొచ్చింది. నన్నే తప్పుపడతారని భయపడి, మళ్లీ లేదనే అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పావుగంటకు నర్సు కోపంగా వచ్చింది.

"గిట్ల దాస్తే ఎట్లన్నా? బయట కూసున్న మీ అమ్మ చెప్పకపోతే మాకెట్ల ఎరుక? రాత్రి పాలల్ల రెండు చెంచాల తగర పొడి కలిపినవంట కదా."

మాత్రకు అది తోడై మత్తు పెరిగి ఉంటుందని, ఊపిరి మందగించిందని డాక్టరు చెప్పారు. ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. సాయంత్రానికి సరోజ కళ్లు తెరిచి నీళ్లడిగింది. అప్పుడు ఏడ్చేశాను.

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఆసుపత్రికి మాతో ఎవరూ రాలేదు. బయట బల్లలన్నీ చూశాను. పెద్దావిడ ఎవరూ రాలేదని కాపలా మనిషి అన్నాడు. కేసు కాగితంలో మాత్రం భర్త తల్లి చెప్పినట్టు రాసుంది.

పొడి వాడుతున్నామని ఇరుగుపొరుగు ఎవరైనా చెప్పారనుకుందాం. కానీ రోజూ వేసేది ఒక్క చెంచానే. కాస్త ఎక్కువసేపు పడుకుంటుందని, ఆ ఒక్క రాత్రే, సరోజకు కూడా తెలియకుండా ఇంకొకటి వేశాను. ఎంత ఆలోచించినా ఇది నాకు అంతుపట్టడం లేదు.

ఆ రాత్రి వంటింట్లో నేనొక్కణ్ణే ఉన్నాననుకున్నాను.